నూటతొమ్మిది ఎకరాల రాజ్యం

ప్రపంచంలోకెల్లా చిన్న దేశం ఏదని పోటీ పరీక్షలకు చదివే ఏ కుర్రవాణ్ణి అడిగినా తడుముకోకుండా "వాటికన్" అంటాడు. విస్తీర్ణం 0.44 చదరపు కిలోమీటర్లనీ, చుట్టూ ఇటలీయే తప్ప సముద్రతీరం లేదనీ, పరిపాలించేది పోపు అనీ కూడా చెబుతాడు. మార్కు పడుతుంది. దానితో ఆ దేశం సంగతి ముగుస్తుంది. పాతికేళ్ళపాటు చరిత్ర చెప్పిన నేను కూడా ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఒకసారి క్లాసులో వెనక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, "అంత చిన్నదెందుకయింది మాస్టారూ?" అని అడిగింది. "మతగురువుండే చోటు గదా, అంతకంటే ఎందుకు?" అని జవాబు చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను.

ఆ జవాబు శుద్ధతప్పు. ఆ పిల్ల "చిన్నదిగా ఎందుకుంది" అనలేదు, "ఎందుకయింది" అన్నది. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న అదే. ఆనాడు తప్పించుకున్న జవాబును ఇప్పుడు చెప్పటానికి ప్రయత్నిస్తాను.

44 హెక్టార్లంటే మన లెక్కలో సుమారు నూటతొమ్మిది ఎకరాలు. భూసంస్కరణలకు ముందు మన జిల్లాల్లో ఇంతకు ఎన్నో రెట్లు భూమి గల ఆసాములు వుండేవారు. వారికి సొంత తపాలాబిళ్ళ లేదు, వారి వాకిట్లో నూటయెనభై దేశాల రాయబారులు నిలబడలేదు. ఈ నూటతొమ్మిది ఎకరాల ఆసామికి అవన్నీ వున్నాయి. రాజనీతి పాఠ్యగ్రంథాలు రాజ్యానికి నాలుగు అంగాలు చెబుతాయి: భూభాగం, ప్రజలు, ప్రభుత్వం, సార్వభౌమత్వం. వాటికన్‌లో ఈ వరస తలకిందులు. ముందు సార్వభౌమత్వం కావాలనుకున్నారు. దాన్ని నిలబెట్టటానికి చాలినంత నేలను తరువాత కొలిచి తీసుకున్నారు. ఆ నేలకు కావలసిన ప్రజలను ఉద్యోగపు ఉత్తర్వులతో సమకూర్చుకున్నారు. ఇది ఎప్పుడు, ఎవరి మధ్య, ఏ వెలకు జరిగిందన్నదే అసలు విషయం.

2

కొన్నేళ్ళ క్రితం రోములో నాలుగు రోజులు వుండే అవకాశం చిక్కింది. ఒక ఉదయం ఆ దేశం చుట్టూ కాలినడకన తిరిగి వద్దామని బయలుదేరాను. సరిహద్దు మూడు కిలోమీటర్ల పైచిలుకు. తీరిగ్గా నడిస్తే గంట పట్టింది.

టైబర్ నదికి పడమటి గట్టున చిన్న గుట్ట వుంది. దాని పేరే వాటికన్. ఉత్తరాన, పడమర, దక్షిణాన ఎత్తయిన కోటగోడ. 846లో అరబ్బులు దండెత్తి వచ్చి సెయింట్ పీటర్ చర్చిని దోచుకుపోయిన తరువాత నాలుగవ లియో పోపు ఇక్కడ మొదటి గోడ కట్టించాడు. ఇవాళ మనం చూసే బురుజుల్లో హెచ్చుభాగం పదహారవ శతాబ్దం నాటివి. అంటే ఇవి సన్యాసుల ఆశ్రమానికి కట్టిన ప్రహరీగోడలు కావు, ఒక ప్రభువు ఫిరంగులకు తట్టుకునేట్టు కట్టించుకున్న కోటగోడలు.

తూర్పు వైపున మాత్రం గోడ లేదు. అక్కడ బెర్నీనీ కట్టిన స్తంభాల వరసలు రెండు చేతులు చాచినట్టు వుంటాయి. మొత్తం స్తంభాలు 284. ఆ చేతుల కొసల మధ్య నేలమీద ఒక తెల్లరాతి గీత వుంది. అదే రెండు దేశాల సరిహద్దు. పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. గీత దాటాక కూడా చర్చి మెట్ల వరకూ పోలీసు అధికారం ఇటలీదే. ఒడంబడికలో అలా రాసుకున్నారు. చర్చిలోకి వెళ్ళటానికి రుసుము లేదు. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని వుంటే చాలు. మ్యూజియాలకు మాత్రం గోడ చుట్టి ఉత్తరపు వాకిలికి పోవాలి, టిక్కెట్టు కొనాలి. దేవుడికి టిక్కెట్టు లేదు గాని మైకెలాంజిలోకు వుంది. 2019లో అరవై లక్షలకు పైగా జనం ఆ టిక్కెట్టు కొన్నారు. ఆ దేశానికి ముఖ్యమైన రాబడుల్లో అదొకటి.

లోపలి నేలలో దాదాపు సగం తోటలే. పండించే పొలం లేదు, పారే యేరు లేదు. నీళ్ళు కూడా ఇటలీయే సమకూర్చాలి. విమానాశ్రయం లేదు. 1976లో పడమటి మూల హెలికాప్టరు దిగటానికి ఒక తావు కట్టారు. ఒక రైలుస్టేషను వుంది. లోపలి పట్టాల పొడవు మైలులో నాలుగో వంతు కూడా వుండదు. రైలు రావాలంటే కోటగోడలోని ఇనుపతలుపు తెరవాలి. ఇక రాయబారుల సంగతి. పోపు దగ్గర వుండే విదేశీ రాయబారుల కార్యాలయాలకు లోపల చోటు లేదు గనక అవన్నీ రోములోనే వున్నాయి. ఇటలీ తన రాయబారిని తన రాజధానిలోనే కూర్చోబెట్టుకుని, ఆయన విదేశంలో పనిచేస్తున్నాడంటున్నది!

ఇంకొక సంగతి. రోముకు ఆగ్నేయంగా కాస్టెల్ గాండోల్ఫోలో పోపుల వేసవి విడిది వుంది. అది 55 హెక్టార్లు. దేశంకంటే విడిది పెద్దది. రేడియో ప్రసారాలకోసం రోముకు ఉత్తరాన మరో నాలుగువందల హెక్టార్ల పైచిలుకు వుంది. ఇవి ఇటలీ నేలే, కాని ఇటలీ పన్ను పడదు, విదేశీ రాయబార కార్యాలయానికి వుండే రక్షణ వుంటుంది. కాబట్టి పరీక్షలో మార్కు తెచ్చే 0.44 అన్న అంకె భూగోళశాస్త్రం కొలిచి చెప్పింది కాదు. ఇద్దరు కూర్చుని బేరమాడి తేల్చింది.

3

బేరానికి ముందు యుద్ధం వుంది, యుద్ధానికి ముందు వెయ్యేళ్ళ భూస్వామ్యం వుంది.

ఎనిమిదవ శతాబ్దంలో ఫ్రాంకుల రాజు పెపిన్, లొంబార్డుల దగ్గర గెలుచుకున్న మధ్య ఇటలీ భూములను పోపుకు ధారపోశాడు. అంతకు చాలాకాలం ముందే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పడమటి సామ్రాజ్యమంతా పోపుకు దానం చేశాడని ఒక దానపత్రం కూడా చలామణీ అయింది. అది దొంగపత్రమని 1440లో లొరెంజో వల్లా అనే పండితుడు అందులోని భాషను పరిశీలించి రుజువు చేశాడు. చక్రవర్తి కాలంలో లేని మాటలు చక్రవర్తి శాసనంలో వున్నాయని చూపించాడు. భాషాశాస్త్రం అధికారాన్ని నిలదీసిన తొలి సందర్భాల్లో అది ఒకటి. అయితే పత్రం దొంగదని తేలినంతమాత్రాన భూమి చేతులు మారలేదు.

పందొమ్మిదవ శతాబ్దం నడుమ పోపు రాజ్యం 41 వేల చదరపు కిలోమీటర్లు. జనం ముప్పై లక్షలు. పన్నులు, సుంకాలు, జైళ్ళు, ఉరికొయ్యలు అన్నీ వుండేవి. 1555 నుంచి రోములోని యూదులను ఒక ఇరుకు పేటలో గోడకట్టి వుంచారు. పదహారవ గ్రెగరీ పోపు (1831–46) తన రాజ్యంలోకి రైలును రానివ్వలేదు. రైలు వెంట వర్తకులు వస్తారు, వర్తకుల వెంట పత్రికలు వస్తాయి. భూస్వామ్య ప్రభువుగా ఆయన భయం అర్థంలేనిది కాదు.

ఆ రాజ్యపు వైభవం ఎలా సమకూడిందో చర్చి ముందు నిలబడితే తెలుస్తుంది. నడిమధ్యనున్న ఏకశిలాస్తంభం ఈజిప్టునుంచి వచ్చింది. 1586లో దాన్ని ఇప్పటి చోటికి జరిపి నిలబెట్టటానికి 900 మంది కూలీలు కావలసివచ్చారు. నిలబెట్టించిన పోపు పేరు, ఇంజనీరు పేరు చరిత్రలో వున్నాయి. చర్చి నిర్మాణం 1506లో మొదలై 1626లో ముగిసింది. ఆ ఖర్చుకోసం పాపపరిహార పత్రాలు అమ్మారు. జర్మనీలో ఆ అమ్మకం సొమ్ము సగం ఫుగ్గర్ల బ్యాంకు అప్పు కింద జమ అయ్యేది. ఆ అమ్మకం మీదనే 1517లో మార్టిన్ లూథర్ తిరగబడ్డాడు.

ఈ రాజ్యం తనంతట తాను చిన్నది కాలేదు. 1848 నవంబరులో రోము ప్రజలు తిరగబడితే తొమ్మిదవ పయస్ పోపు మారువేషంలో పారిపోయాడు. 1849 ఫిబ్రవరిలో మాజినీ, గారిబాల్డీల రోము రిపబ్లిక్కు పుట్టింది. అయిదు నెలలు తిరగకుండా దాన్ని కూల్చింది ఎవరు? ఫ్రెంచి రిపబ్లిక్కు పంపిన సైన్యం! ఆనాటినుంచి, నడుమ కొద్ది విరామం తప్ప, పోపు సింహాసనం ఫ్రెంచి తుపాకుల మీదే నిలబడింది. 1860లో మూడొంతుల రాజ్యం కొత్త ఇటలీలో కలిసిపోయింది. ఉదారవాదమూ, పత్రికాస్వాతంత్య్రమూ, మత ప్రభుత్వాల విభజనా అన్నీ దోషాలేనని 1864లో ఎనభై అంశాల పట్టిక ప్రకటించారు. 1870లో జర్మనులతో యుద్ధం వచ్చి ఫ్రెంచివాళ్ళు తమ సైన్యాన్ని తీసుకుపోగానే, సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం పోర్తా పియా దగ్గర గోడ పగలగొట్టి రోములో ప్రవేశించింది. యూదుల పేట సంకెళ్ళు అప్పటికిగాని తెగలేదు.

ఇది అభివృద్ధికరమైన మార్పు. సందేహం లేదు. కాని ఇటలీ పెట్టుబడిదారీ వర్గం చేసిన ఈ విప్లవం సగం విప్లవమే. మఠాల భూములు స్వాధీనం చేసుకుని వేలం వేసినప్పుడు వాటిని కొన్నది డబ్బున్నవాడే గాని రైతు కాదు. భూమి దక్కని రైతు పాత మతగురువుకేసే చూస్తూ వుండిపోయాడు. తరువాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ సంగతి మరవకూడదు.

4

1871లో ఇటలీ ఒక చట్టం చేసి, పోపుకు మర్యాదలూ ఏటా ముప్పైరెండు లక్షల పైచిలుకు లీరాల భత్యమూ ఇస్తామన్నది. పోపు తీసుకోలేదు. తాను ఖైదీనని ప్రకటించుకుని గోడ లోపలే వుండిపోయాడు. కాథలిక్కులు జాతీయ ఎన్నికల్లో పాల్గొనరాదన్నాడు. అరవైయేళ్ళ కాస్త తక్కువకాలం ఈ అలక సాగింది. ఈ కాలంలో వాటికన్ అనే రాజ్యం లేదు. కొన్ని భవనాలూ, ఒక దావా మాత్రమే వున్నాయి.

అలకను తీర్చింది ఎవరు? సోషలిస్టు మత్తెయొత్తి 1924లో హత్య అయ్యాడు. 1926లో పార్టీలన్నీ రద్దయ్యాయి. వాటిలో పూజారి స్తూర్జో స్థాపించిన కాథలిక్కుల పార్టీ కూడా వుంది. కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీ జైల్లో పడ్డాడు. నోళ్ళన్నీ మూతబడ్డాక, 1929 ఫిబ్రవరి 11న లేటరన్ భవనంలో ముస్సోలినీ, పోపు తరఫున కార్డినల్ గాస్పారీ సంతకాలు చేశారు. పూర్వం నాస్తికత్వం ప్రకటించుకున్న ముస్సోలినీకి ప్రజల్లో మర్యాద కావాలి. పీఠానికి రాజ్యహోదా కావాలి.

ఒప్పందంలో మూడు భాగాలు. మొదటిది సంధి: 44 హెక్టార్ల రాజ్యం. రెండవది డబ్బు: 75 కోట్ల లీరాల రొక్కం, 100 కోట్ల లీరాల ప్రభుత్వ బాండ్లు. మూడవది మతవ్యవహారాల ఒడంబడిక: సెకండరీ స్కూళ్ళలో కూడా మతబోధ, చర్చి పెళ్ళికి చట్టబద్ధత. ఉపాధ్యాయ మిత్రులు గమనించవలసిన షరతు ఒకటి వుంది. మతం వదిలిన, లేదా చర్చి శిక్షించిన పూజారికి బడిలో పంతులుద్యోగం ఇవ్వరాదు, వున్నా వుంచరాదు. అంటే చర్చి తీర్పును ప్రభుత్వం అమలు జరపాలి. బదులుగా పూజారులు ఏ రాజకీయపార్టీలోనూ చేరరాదు. మరుసటి నెలలోనే ముస్సోలినీ ఏకపక్షపు ఎన్నిక జరిపాడు. అవునంటే అవునన్న ఆ ఓటుకు చర్చి అండ దొరికింది.

రైలును వద్దన్న పీఠానికి రైలుస్టేషను కట్టించి ఇచ్చింది కూడా ఈ సంధే. ఇంతకూ ఆ రైలెక్కి ప్రయాణం చేసిన పోపు కోసం 1962 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడు ఇరవైమూడవ జాన్ అందులో లొరెటో, అస్సీసీ వెళ్ళాడు.

ఈ సంతకాలకు మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 8న, తూరీ జైల్లో గ్రాంసీ తన మొదటి నోటుపుస్తకం తెరిచాడు. తరువాతి పేజీల్లో ఈ ఒడంబడికను గురించి ఆలోచించాడు. ఇద్దరు సర్వాధికారులు ఒకే నేలమీద, ఒకే ప్రజల గురించి ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ ప్రభుత్వం తన అధికారంలో కొంత వదులుకున్నట్టేనని ఆయన వాదన. మన చేతికి ఆయన ఇచ్చిన కొలబద్ద అది. పక్కదేశంతో సంధి అయితే సరిహద్దు దగ్గర ఆగుతుంది. ఈ సంధి గోడ దాటి ఇటలీ ప్రతి బడిలోకీ ప్రతి ఇంట్లోకీ పోయింది. నేల నలభైనాలుగు హెక్టార్లు, అధికారం దేశమంత!

5

ఇవాళ యాత్రికుడు టైబర్ గట్టునుంచి చర్చికి వెళ్ళే విశాలమైన వీధి పేరు సయోధ్య వీధి. ఆ సయోధ్య ఈ ఒప్పందమే. 1936లో ముస్సోలినీ మొదటి గునపం దెబ్బ వేశాడు. నడుమ వున్న పాత పేట మొత్తం కూలిపోయింది. అక్కడి జనాన్ని ఊరి వెలుపలి కొత్త బస్తీలకు తోలారు. ఆ వీధిలో నిలబడి ఫొటో తీసుకునేవారిలో తాము ఎవరి ఇళ్ళమీద నిలబడ్డారో ఎరిగినవారు కొద్దిమంది.

1943 సెప్టెంబరులో నాజీలు రోమును ఆక్రమించారు. అక్టోబరు 16న యూదులను వేటాడి పట్టుకున్నారు. వెయ్యిమందికి పైగా ఆష్‌విట్జ్‌కు పంపితే తిరిగి వచ్చింది 16 మంది. పంపేముందు వారిని నిర్బంధించిన సైనిక కళాశాల వాటికన్‌కు కూతవేటు దూరం. మఠాల్లో, కాన్వెంట్లలో పూజారులూ కన్యాస్త్రీలూ వేలమంది యూదులను దాచి కాపాడారు. ఇది నిజం, చెప్పకపోతే మనం చరిత్రకారులం కాము. పన్నెండవ పయస్ ఆనాడు బహిరంగంగా నాజీల పేరెత్తి ఖండించలేదు. ఇదీ నిజమే. విశ్వాసి వేరు, పీఠం వేరు అనే విషయం అక్టోబరు 16 చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

ఫాసిజం కూలింది. దాని సంతకం కూలిందా? 1947 మార్చి 25న ఇటలీ రాజ్యాంగసభలో ఏడవ అధికరణం ఓటుకు వచ్చింది. లేటరన్ ఒప్పందాలను రాజ్యాంగంలో చేర్చేది ఈ అధికరణమే. 350 ఓట్లతో గెలిచింది, 149 మంది వ్యతిరేకించారు. సోషలిస్టులు వ్యతిరేకించారు. తొగ్లియాట్టి నాయకత్వాన కమ్యూనిస్టులు అనుకూలంగా ఓటు వేశారు!

దీన్ని మన మిత్రులు చాలామంది దాటవేస్తారు. దాటవెయ్యకూడదు. తొగ్లియాట్టి వాదన తేలికగా తీసిపారెయ్యదగింది కాదు. కాథలిక్కు రైతునూ, కమ్యూనిస్టు కార్మికుణ్ణీ మతం పేర చీల్చే అవకాశం శత్రువుకు ఇవ్వరాదన్నాడు. భూమి దక్కని ఆ రైతు పూజారి వెంట వున్నాడని ఆయనకు తెలుసు. కాని ఫలితమేమిటి? రెండు నెలల్లో కమ్యూనిస్టులు ప్రభుత్వంలోంచి బయటికి పోవలసివచ్చింది. 1949 జులై 1న, కమ్యూనిజాన్ని సమర్థించే కాథలిక్కులను వెలివేస్తూ పీఠం ఉత్తర్వు ఇచ్చింది. రాయితీ రాజ్యాంగంలో నిలిచిపోయింది, శాంతి మాత్రం రాలేదు. రైతును చేరదియ్యటం అవసరమే. దానికి దారి భూమి సమస్య, రొట్టె సమస్య. పీఠంతో పైన కుదుర్చుకునే ఒప్పందం కింద ఐక్యతను తేలేదు.

కింది ప్రజలు తమ దారి తామే చూసుకున్నారు. 1970లో విడాకుల చట్టం వచ్చింది. దాన్ని కొట్టెయ్యాలని చర్చి అండతో 1974లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, వందకు యాభై తొమ్మిది మంది చట్టం వుండాలన్నారు. వారిలో హెచ్చుమంది బాప్తిస్మం పొందిన కాథలిక్కులే. 1984లో ఒడంబడికను తిరగరాసి కాథలిక్కు మతం ప్రభుత్వమతం కాదన్నారు. నలభైనాలుగు హెక్టార్లు మాత్రం నలభైనాలుగుగానే వున్నాయి.

6

ఆ నేలమీది ప్రజలెవరు? పౌరులు వెయ్యికి లోపే. అక్కడ పుట్టినందువల్ల ఎవరూ పౌరులు కారు. ఉద్యోగం వున్నంతకాలం పౌరసత్వం, వుద్యోగం పోతే అదీ పోతుంది. చట్టం చేసేదీ, అమలు జరిపేదీ, తీర్పు చెప్పేదీ చివరికి ఒక్కడే: పోపు. ఆయనను ఎన్నుకునేది ఎనభై నిండని కార్డినళ్ళు, అందరూ మగవాళ్ళు. 2025 మార్చిలో మొదటిసారి ఒక స్త్రీ, సిస్టర్ రఫయెల్లా పెత్రీనీ, ఆ రాజ్యపు పరిపాలనా శాఖకు అధిపతి అయింది. రోజూ ఉదయం రోమునుంచి వేలమంది పనివాళ్ళు లోపలికి వెళ్ళి సాయంత్రం బయటికి వస్తారు. ఊడ్చేవాళ్ళు, గోడలకు సున్నం కొట్టేవాళ్ళు, మ్యూజియం గదుల్లో రోజల్లా నిలబడేవాళ్ళు. 2024లో మ్యూజియం ఉద్యోగులు 49 మంది తమ పని పరిస్థితులమీద కలిసి ఫిర్యాదు చేశారు. శ్రమ వున్నచోట శ్రమసమస్య వుంటుంది, గోడ ఎంత పవిత్రమైనదైనా సరే.

వాటికన్ కార్ల నంబరు పలకమీద వుండే మూడక్షరాలకు రోము జనం ఒక అర్థం చెప్పుకుంటారు: "క్రీస్తు చూస్తేనా!" అని. ఆ వెక్కిరింత నాస్తికుడిది కాదు. వెక్కిరించేవాడు చర్చికి వెళ్ళేవాడే. మనం అపహాస్యం చెయ్యవలసిన పని లేదు, ఆ మాట విని అర్థం చేసుకుంటే చాలు.

ఈ కథకు మనతో సంబంధం లేదనుకోవద్దు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. 2025 మేలో పద్నాలుగవ లియోను ఎన్నుకున్న 133 మందిలో ఆయన ఒకరు. అంటరానివాడలనుంచి వచ్చిన మనిషి ఆ గోడ లోపల ఓటు వెయ్యటం చిన్న విషయం కాదు. ఆ పీఠానికి అయిదు వందల ఏళ్ళకు పైగా భారతదేశంతో సంబంధం వుంది. ఇన్నాళ్ళెందుకు పట్టింది? చర్చిలోపల కులవివక్ష వుందని 2016లో భారత కాథలిక్కు బిషప్పుల సమాఖ్యే ఒప్పుకున్నది. గోడ ఒక్క రోములోనే లేదు.

ఇప్పుడా అమ్మాయికి జవాబు చెప్పగలను. వాటికన్ చిన్నది కావటానికి కారణం, ముప్పై లక్షల ప్రజలు తమమీద మతప్రభువు పెత్తనాన్ని వదిలించుకోవటం. ఇంకా రాజ్యంగా మిగిలి వుండటానికి కారణం, ఆ ప్రజల నోరు నొక్కినవాడు దానిని తిరిగి ఇవ్వటం. మొదటిది పోరాటం, రెండవది బేరం. పటంమీద ఆ చుక్కను చూసినప్పుడు రెండూ చూడాలి.

ప్రభుత్వమూ మతపీఠమూ చేతులు కలిపి ఫొటో దిగిన రోజున, ఏ దేశంలోనైనా, మనం మొదట అడగవలసింది ఆ ఒప్పందంలో బడుల గురించి ఏమి రాసుకున్నారని. మిగిలినదంతా తరువాత చదవవచ్చు.